పదిహేను మైక్రాన్ల చూపు

కక్ష్యలో తిరుగుతున్న ఉపగ్రహానికి కింద ఏదో పైన ఏదో తనంతట తనకు తెలియదు. కెమెరా నేలవైపు చూడాలన్నా, యాంటెన్నా మన దేశం మీదికే గురిపెట్టి ఉండాలన్నా భూమి ఎటువైపు ఉందో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ కబురు చెప్పే పరికరాల్లో బాగా పాతదీ, ఇంకా కొలువులోనే ఉన్నదీ ఎర్త్ సెన్సర్. పుస్తకాల్లో పరారుణ దిగంత సెన్సర్ అని రాస్తారు. అది చేసే పనిని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు: భూమి అంచు ఇటు ఎక్కడుందో అటు ఎక్కడుందో పట్టుకుని, ఆ రెంటికీ నట్టనడుమ ఉన్నది కింద అని తేల్చడం. చిక్కల్లా ఏమిటంటే, భూమికి గీత గీసినట్టు అంచు ఉండదు. నేల ముగిసిన చోట గాలి మొదలవుతుంది. ఆ గాలి పలచబడుతూ పలచబడుతూ ఎక్కడో లేకుండా పోతుంది. అలా చెరిగిపోయిన అంచును పట్టుకుని డిగ్రీలో పదోవంతుకు లెక్క తేల్చిన పనితనం ఎలాంటిదో దగ్గరగా చూడటానికే ఈ వ్యాసం.

ముందు కొలబద్ద ఒకటి చేతిలో పెట్టుకుందాం. ఉపగ్రహం 500 కిలోమీటర్ల ఎత్తున ఉందనుకోండి. అక్కడి నుంచి దిగంతం దాదాపు 2,570 కిలోమీటర్ల దూరం. పైథాగరస్ సూత్రం వచ్చిన బడిపిల్లలు కూడా కట్టగలిగిన లెక్క ఇది. అంత దూరాన ఒక కిలోమీటరు ఎత్తు 0.022 డిగ్రీల కోణంగా కనిపిస్తుంది. అంటే మనం అంచు అనుకున్నది ఐదు కిలోమీటర్లు పైకో కిందికో జరిగితే చాలు, 0.11 డిగ్రీ తేడా వచ్చేస్తుంది. కింది కక్ష్యల్లో మంచి ఎర్త్ సెన్సర్ నుంచి ఆశించే కచ్చితత్వం మొత్తం కలిపి 0.1 డిగ్రీ చుట్టుపక్కలే. అదే నేల మీదికి దించి చూస్తే సుమారు 870 మీటర్లు. కాబట్టి వాతావరణం అంచును ఐదు కిలోమీటర్లు అటూఇటూ జరపకుండా చూసుకోవాలి. లేదా జరిపినా ఆ జరుగుబాటు లెక్కలోకి రాకుండా చేసుకోవాలి. ఈ సెన్సర్ కథంతా ఈ రెండు ప్రయత్నాల కథే.

మామూలు వెలుతురులో చూస్తే సరిపోదా అంటే, పోదు. పగటి భాగం వెలుగుతుంది, రాత్రి భాగం చీకట్లో కలిసిపోతుంది. ఉపగ్రహం నుంచి చూస్తే భూమి చాలాసార్లు చంద్రవంకలాగే ఉంటుంది. వంకకు లోపలి గీత అంచు కాదని యంత్రానికి నచ్చజెప్పడం తేలిక కాదు. అందుకే మొదటి నుంచీ ఇంజినీర్లు వేడివైపు మొగ్గారు. భూమి రాత్రనక పగలనక వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. దూరం నుంచి కొలిస్తే సగటున మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉన్న వస్తువులా తోస్తుంది. దాని వెనక ఆకాశం మైనస్ 270. పరారుణ కంటికి భూమి ఎప్పుడూ పున్నమి బింబమే.

ఇక్కడే మొదటి ఉచ్చు. మైనస్ 18 దగ్గరున్న వస్తువు అన్నిటికంటే ఎక్కువగా వెలిగేది 11 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర. వెలుగు ఎక్కువున్న చోట చూడటమే కదా తెలివి అనిపిస్తుంది. పైగా 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య గాలి అద్దంలా తేటగా ఉంటుంది, నేల దాకా కనిపిస్తుంది. కానీ నేల కనిపిస్తే మేఘాలూ కనిపిస్తాయి. భూమధ్యరేఖ దగ్గర ఉరుముల మేఘం తల మైనస్ 73 డిగ్రీల దాకా చల్లబడుతుంది. పక్కనే 27 డిగ్రీల సముద్రం. 10 మైక్రాన్ల దగ్గర ఈ రెంటి వెలుగూ లెక్కగడితే మేఘం సముద్రంలో పదకొండో వంతు మాత్రమే వెలుగుతుంది. సెన్సర్ కంటికి ఆ మేఘం దాదాపు ఆకాశం. దిగంతం దగ్గర అలాంటి మేఘం కూర్చుంటే అక్కడితోనే భూమి అయిపోయిందనుకుంటుంది. విశాలమైన తరంగదైర్ఘ్యాల పట్టీలో చూసిన తొలితరం సెన్సర్లను చల్లటి మేఘాలు ఏడిపించింది ఇలాగే.

ఆ తొలితరంలో పేరున్నవి అమెరికా మెర్క్యురీ వ్యోమనౌకల మీద అమర్చిన హొరైజన్ స్కానర్లు. కనెక్టికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్‌లో ఉన్న బార్న్స్ ఇంజినీరింగ్ కంపెనీ వాటిని చేసింది. 1962 మే 24న స్కాట్ కార్పెంటర్ అరోరా 7లో భూమిని చుట్టి దిగే సమయానికి, ముక్కు ఎంత పైకి ఎంత కిందికి ఉందో చెప్పాల్సిన స్కానర్ తప్పు చెబుతోంది. నిజానికి ఇది మేఘం చేసిన మోసం కాదు, పరికరమే చెడింది. దిగే రాకెట్లు వెలిగే వేళకు నౌక 25 డిగ్రీలు కుడివైపు తిరిగి ఉంది. అవి వెలగడం కూడా మూడు సెకన్లు ఆలస్యమైంది. రాకెట్ల తోపు కొంచెం తగ్గింది. అన్నీ కలిసి కార్పెంటర్‌ను అనుకున్న చోటికి దాదాపు 400 కిలోమీటర్లు అవతల సముద్రంలో పడేశాయి. తప్పంతా స్కానర్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కానీ ఆటోమేటిక్ వ్యవస్థ కింద ఏదో తెలియక తడబడితే మనిషి చేతికి ఎంత పని వచ్చిపడుతుందో ఆ రోజు తెలిసింది.

సోవియట్ వాళ్లకూ ఆ అనుభవం తప్పలేదు. 1988 సెప్టెంబరులో వ్లాదిమిర్ లియాఖోవ్, అఫ్గానిస్తాన్‌కు చెందిన అబ్దుల్ అహద్ మొహ్మంద్ మిర్ స్టేషన్ నుంచి సోయుజ్ టీఎం-5లో ఇంటికి బయలుదేరారు. దిగేందుకు ఇంజిన్ వెలగాల్సిన క్షణానికి, నౌక సరైన దిశలో ఉందని పరారుణ సెన్సర్ నిర్ధారించలేదు. కాబట్టి కంప్యూటర్ ఇంజిన్‌ను వెలిగించలేదు. ఏడు నిమిషాల తరువాత సెన్సర్‌కు నమ్మకం కుదిరింది. ఇంజిన్ తనంతట తానే వెలిగింది. అప్పటికి దిగాల్సిన చోటు దాటిపోతోంది గనక లియాఖోవ్ మూడు సెకన్లలోనే దాన్ని ఆపేశాడు. తరువాతి ప్రయత్నాలు వేరే కారణాలతో చెడి, ఇద్దరూ ఆ ఇరుకు గదిలో ఒక రోజంతా గడిపి సెప్టెంబరు 7న నేలకు దిగారు. గమనించాల్సింది ఒకటుంది. సెన్సర్ ఒప్పుకోలేదు కాబట్టి కంప్యూటర్ ఆగింది. ఈ చిన్న పరికరం మాటకు అంత విలువ.

ఇప్పుడు అసలు పనితనం దగ్గరికి వద్దాం. మేఘాలు కనిపించకూడదంటే ఏం చేయాలి? మేఘాల కంటే పైనే చూపు ఆగిపోవాలి. అంటే గాలి తేటగా ఉన్న రంగును వదిలేసి, గాలే అడ్డుగోడగా నిలిచే రంగును ఎంచుకోవాలి. 15 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ అణువు వంగుతూ ఊగుతూ కిరణాలను మింగుతుంది, తిరిగి వెదజల్లుతుంది. ఈ వాయువు గాలిలో ఎక్కడ చూసినా ఒకే పాళ్లలో కలిసి ఉంటుంది. నీటి ఆవిరిలా ఇక్కడ ముసురుకుని అక్కడ మాయమవడం దాని నైజం కాదు. 14 నుంచి 16 మైక్రాన్ల మధ్యే చూసే కంటికి సముద్రం కనిపించదు, ఎడారి కనిపించదు, ఉరుముల మేఘమూ కనిపించదు. కనిపించేది స్ట్రాటోస్ఫియర్ ఒక్కటే. అంచు దగ్గర అది ముప్పై నలభై కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎంత పెద్ద మేఘమైనా అంత ఎత్తుకు ఎదగదు.

ఈ నిర్ణయం నాకు చాలా ఇష్టం. వెలుగు ఎక్కువున్న చోటును కావాలని వదులుకున్నారు. ఈ రంగులో భూమి మసకగా ఉంటుంది. సిగ్నల్ తగ్గుతుంది, డిటెక్టర్ మీద బరువు పెరుగుతుంది, లెన్సుల తయారీ కష్టమవుతుంది. అంతా తెలిసే, నిలకడ కోసం ప్రకాశాన్ని వదులుకున్నారు. కొలతల పని చేసేవాళ్లకు ఇందులోని ధైర్యం అర్థమవుతుంది. బలమైన సిగ్నల్ చేతిలో ఉండగా బలహీనమైనదాన్ని ఎంచుకుందామని సమావేశంలో లేచి చెప్పడం మామూలు సంగతి కాదు.

నిలకడ అన్నారు, ఎంత నిలకడ? అది ఊహించి సరిపెట్టుకునే విషయం కాదు గనక నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రం ప్రాజెక్ట్ స్కానర్ అనే పేరుతో 1966లో రెండు రాకెట్లు పంపింది. వర్జీనియా తీరంలోని వాలప్స్ దీవి నుంచి ఒకటి ఆగస్టులో, మరొకటి డిసెంబరులో ఎగిరింది. వేసవి అంచు ఎలా ఉంటుంది, చలికాలపు అంచు ఎలా ఉంటుంది అని కొలిచి రావడమే వాటి పని. కార్బన్ డయాక్సైడ్ పట్టీలో అంచు నిజంగానే బుద్ధిగా ఉందని తేలింది. అయితే పూర్తిగా కాదు. చలికాలంలో ధ్రువాలకు దగ్గరి స్ట్రాటోస్ఫియర్ బాగా చల్లబడిపోతుంది. మైనస్ 33 డిగ్రీలున్న పొరను మైనస్ 73 డిగ్రీలున్న పొరతో పోల్చి 15 మైక్రాన్ల దగ్గర లెక్కగడితే మొదటిది రెండోదానికి 2.25 రెట్లు వెలుగుతుంది. 10 మైక్రాన్ల దగ్గర మేఘం తెచ్చిన పదకొండు రెట్ల తేడా ముందు ఇది చిన్నదే. పైగా ఇది రుతువునూ అక్షాంశాన్నీ బట్టి మెల్లగా మారుతుంది. ఎప్పుడు ఎక్కడ ఉరుముతుందో తెలియని మేఘం కంటే, నెలను బట్టి ముందే పట్టిక వేసుకోగలిగిన చలికాలం ఎంతో నయం.

రెండు రెట్ల తేడా కూడా ఊరికే పోదు. భూమి నుంచి ఆకాశంలోకి సెన్సర్ చూపు దాటుతున్నప్పుడు వెలుగు ఒక్కసారిగా ఆరిపోదు. ఏటవాలుగా పదుల కిలోమీటర్ల మేర దిగజారుతుంది. ఆ వాలులో ఎక్కడో ఒకచోట ఇదీ అంచు అని గుర్తు పెట్టాలి. వెలుగు ఫలానా విలువకు దిగినప్పుడు అని స్థిరంగా పెట్టుకుంటే, చలికాలపు ధ్రువం దగ్గర మొత్తం వెలుగే సగం కాబట్టి ఆ విలువ ముందే వచ్చేస్తుంది, అంచు కిందికి దిగినట్టు లెక్క తేలుతుంది. దీనికి విరుగుడు: భూమి మీద చూపు ఉన్నప్పుడు ఎంత వెలుగుందో ముందు గుర్తుపెట్టుకోవడం, అందులో ఇన్నో వంతుకు దిగినప్పుడు అంచు అనుకోవడం. వేసవిలో నూటికి యాభై అయితే చలికాలంలోనూ ఉన్నదాంట్లో నూటికి యాభై. వెలుగు ఎంతున్నా వాలు ఆకారం ఇంచుమించు ఒకటే గనక అంచు దాదాపు అక్కడే నిలబడుతుంది. నాలుగైదు ట్రాన్సిస్టర్లతో కట్టగలిగిన ఈ ఉపాయం అంచు జరుగుబాటులో పెద్ద భాగాన్ని మింగేసింది.

మిగిలినదాన్ని మింగింది జ్యామితి. కోన్ స్కానర్ అనే రకాన్ని తీసుకుందాం. ఈ జాతిలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది ఇదే. ఒక చిన్న ప్రిజమ్ మోటారు మీద గిరగిరా తిరుగుతుంది. దాని గుండా సెన్సర్ చూపు ఆకాశంలో ఒక శంకువులా తిరిగి వస్తుంది. ప్రతి చుట్టులో చూపు ఒకసారి ఆకాశం నుంచి భూమి మీదికి ఎక్కుతుంది, ఒకసారి భూమి నుంచి ఆకాశంలోకి దిగుతుంది. ఎక్కిన క్షణం, దిగిన క్షణం. ఈ రెండు గుర్తులే సెన్సర్ ఇచ్చే మొత్తం సమాచారం. ఆ రెంటి నడిమి బిందువు ఉపగ్రహం ముక్కు పైకి లేచిందో కిందికి వాలిందో చెబుతుంది, దీన్ని పిచ్ అంటారు. ఆ రెంటి మధ్య వెడల్పు ఉపగ్రహం ఏ పక్కకు ఒరిగిందో చెబుతుంది, ఇది రోల్.

ఇప్పుడు అంచు రెండు వైపులా ఒకేలా మూడు కిలోమీటర్లు పెరిగిందనుకోండి. ఎక్కే క్షణం కాస్త ముందుకు, దిగే క్షణం కాస్త వెనక్కు జరుగుతాయి. నడిమి బిందువు కదలదు. పిచ్ చెక్కుచెదరదు. వెడల్పు మాత్రం పెరుగుతుంది గనక రోల్ తప్పుతుంది. సరే, అలాంటి స్కానర్‌నే ఉపగ్రహానికి రెండో పక్కన కూడా పెట్టి, రెండు వెడల్పులలో తేడా ఎంతో చూస్తే? రెండు వైపులా సమానంగా పెరిగినది తీసివేతలో పోతుంది. నిజంగా ఒరిగినప్పుడే ఒక వెడల్పు పెరిగి రెండోది తగ్గుతుంది. రోల్ కూడా బాగుపడింది. వాతావరణాన్ని మార్చలేం కాబట్టి, దాని తప్పు తనను తానే కొట్టేసుకునేలా చూపులను అమర్చారు. ఇన్ని చేశాక కూడా జారిపోయేది ఒకటుంది. ధ్రువ కక్ష్యలో ఉపగ్రహం చలికాలపు ధ్రువం వైపు పోతున్నప్పుడు ముందరి అంచు చల్లగా, వెనకటి అంచు వెచ్చగా ఉంటాయి. ఈ తేడా నడిమి బిందువునే జరుపుతుంది. దాన్ని ఏ తీసివేతా కొట్టేయలేదు, రుతువుల పట్టికే దిక్కు. కింది కక్ష్యల్లో 0.1 డిగ్రీ దగ్గర ఈ సెన్సర్లు ఆగిపోవడానికి పెద్ద కారణం ఇలాంటి శేషాలే. పరికరాన్ని ఇంకెంత నునుపుగా చేసినా భూమి అంతకంటే నునుపుగా లేదు.

భూమి బంతిలా గుండ్రంగా లేకపోవడం కూడా ఉంది. ధ్రువాల దగ్గర వ్యాసార్ధం భూమధ్యరేఖ దగ్గరికంటే 21 కిలోమీటర్లు తక్కువ. మన కొలబద్దలో అది 0.47 డిగ్రీ, అంటే కావలసిన కచ్చితత్వానికి నాలుగు రెట్లకు పైగా తప్పు. అయినా దీనికి ఎవరూ బెంగపెట్టుకోరు. ఉపగ్రహం ఏ అక్షాంశం మీద ఉందో తెలుసు, భూమి ఆకారం తెలుసు, కంప్యూటర్ కూడి తీసేస్తుంది.

ఇక పెట్టె మూత తెరుద్దాం. ముందు ఎదురయ్యేది జెర్మేనియం లెన్స్. మన కంటికి అది లెన్సే కాదు, బూడిదరంగులో మెరిసే లోహపు బిళ్ల. దాని గుండా మామూలు వెలుతురు చుక్క కూడా దాటదు, పరారుణం మాత్రం దాటుతుంది. వక్రీభవన గుణకం 4. మామూలు గాజుది ఒకటిన్నర. అంత ఎక్కువ కాబట్టి కిరణాలను బలంగా వంచుతుంది, కానీ పూత లేకపోతే ఒక్కో ముఖం దగ్గర నూటికి 36 వంతుల వెలుగును వెనక్కి కొట్టేస్తుంది. అసలే మసక వెలుగు, అందులో ఇంత పోగొట్టుకుంటే మిగిలేదేమిటి? అందుకే పలచని పూతల పొరలు. 15 మైక్రాన్ల దగ్గర జెర్మేనియం తానే కొంత మింగుతుంది కూడా, కాబట్టి లెన్స్ మందం తగ్గించుకోవాలి. దాని వెనక వడపోత ఫిల్టర్. పొర మీద పొర వేసి చేసిన ఈ బిళ్ల 14కు కిందిదాన్నీ 16కు పైదాన్నీ ఆపాలి. ముఖ్యంగా 8 నుంచి 12 మైక్రాన్ల వెలుగు చాటుగా లోపలికి వచ్చిందా, మేఘాలు మళ్లీ దొడ్డిదారిన వచ్చినట్టే.

అన్నిటికీ వెనక డిటెక్టర్. పాతతరం వాటిలో అది థర్మిస్టర్ బోలోమీటర్: మాంగనీస్, నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్లను కలిపి కాల్చిన పలచని పెచ్చు. వేడి తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఈ పెచ్చును జెర్మేనియం అర్ధగోళం చదునైన ముఖానికి అతికిస్తారు. అప్పుడు బయటి నుంచి వచ్చే కిరణాలకు అది అటూ ఇటూ నాలుగేసి రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. మరోలా చెప్పాలంటే, పదహారో వంతు విస్తీర్ణమున్న పెచ్చుతో అంతే వెలుగు పట్టుకోవచ్చు. పెచ్చు చిన్నదయితే సిగ్నల్‌ను ముంచే రొద తగ్గుతుంది. లెన్సునూ డిటెక్టర్‌నూ విడివిడిగా కాక ఒకే ముద్దగా ఆలోచించిన వాళ్లకే తట్టే ఉపాయం ఇది.

ఆ పెచ్చుకు ఒక లోపం ఉంది. అది మందకొడి. ప్రిజమ్ నిమిషానికి 120 చుట్లు తిరుగుతోందనుకుంటే, చూపు సెకనుకు 720 డిగ్రీలు ఊడ్చుకుపోతుంది. 0.1 డిగ్రీని దాటడానికి దానికి పట్టేది సెకనులో పదివేల వంతుకు కాస్త పైన. బోలోమీటర్ వేడిని గుర్తించడానికే రెండు మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి, అంతలో చూపు దాదాపు డిగ్రీన్నర దాటిపోతుంది. కావలసిన కచ్చితత్వానికి పద్నాలుగు రెట్ల జాప్యం! ఇలాంటి దాంతో పని ఎలా నడిచింది? ఎప్పుడూ సరిగ్గా పది నిమిషాలు వెనక నడిచే గడియారంతో కూడా రైలు అందుకోవచ్చు, ఆ పదీ కలుపుకోవడం తెలిస్తే చాలు. భూమి మీదికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ జాప్యం ఇంచుమించు ఒకటే కాబట్టి వెడల్పు మారదు. నడిమి బిందువు జరుగుతుంది కానీ ఎప్పుడూ అంతే జరుగుతుంది. ప్రయోగశాలలో చల్లటి పలక ముందు వెచ్చటి పలకను నకిలీ భూమిగా నిలబెట్టి, ఆ జరుగుబాటును ముందే కొలిచి రాసిపెట్టుకుంటారు. కాబట్టి ఇక్కడ డిటెక్టర్ వేగంగా ఉండాలన్న పట్టు లేదు, మాట తప్పకుండా ఉంటే చాలు.

36 వేల కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యకు వెళ్తే లెక్కలన్నీ సుఖంగా మారతాయి. 500 కిలోమీటర్ల నుంచి 136 డిగ్రీల మేర ఆక్రమించిన భూమి, అక్కడి నుంచి 17.4 డిగ్రీల బిళ్ల. దిగంతం దాదాపు 41,700 కిలోమీటర్ల దూరాన ఉంటుంది గనక ఒక కిలోమీటరు ఎత్తు తేడా 0.0014 డిగ్రీకి మించదు. వాతావరణం చేసే అల్లరి పదహారో వంతుకు తగ్గిపోయింది. ఇక్కడ 0.05 డిగ్రీ, అంతకంటే మెరుగు కూడా అందుతుంది. అది కావాలి కూడా. 0.05 డిగ్రీ తప్పితే నేల మీద టీవీ పుంజం 31 కిలోమీటర్లు జరుగుతుంది, విజయవాడ మీద అనుకున్నది గుంటూరు మీద పడ్డంత. ఈ రకం సెన్సర్లలో తిరిగే ప్రిజమ్ బదులు అటూఇటూ ఊగే అద్దం ఉంటుంది. దానికి బేరింగులు ఉండవు, నూనె ఉండదు. పలచని లోహపు పట్టీలు వంగుతూ లేస్తూ అద్దాన్ని ఊపుతాయి. అరుగుదలకు చోటే లేదు. సెకనుకు నాలుగు ఊపులు అనుకుంటే పదిహేనేళ్లకు 189 కోట్ల ఊపులు. ఒక్కసారి విరిగితే వెళ్లి బాగుచేసే దిక్కు లేదు.

అక్కడ వేరే బెడద ఉంది, సూర్యచంద్రులు. భూమి బిళ్ల పక్కకు చంద్రుడు వచ్చి నిలిస్తే, ఎండ పడిన చంద్రతలం వంద డిగ్రీలు దాటి కాగుతుంది కాబట్టి సెన్సర్‌కు భూమికి బుడిపె మొలిచినట్టు తోస్తుంది. సూర్యుడైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఒక్క చూపుతో సరిపెట్టక నాలుగు చూపులు పెడతారు, రెండు ఉత్తరాన, రెండు దక్షిణాన. చొరబాటు ఎప్పుడు ఎటు నుంచో పంచాంగంలాగే ముందే తెలుసు గనక ఆ వేళకు ఆ చూపును మూసేసి మిగిలిన మూడింటితో నెట్టుకొస్తారు.

మన దేశంలో ఈ పని బెంగళూరు పీణ్యాలో ఇస్రో ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల చేస్తుంది. లియోస్ అని పిలుస్తారు. ఆర్యభట్ట ఉపగ్రహాన్ని కూర్చింది కూడా ఆ ఆవరణలోనే. శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఉపగ్రహాలకు ఎర్త్ సెన్సర్లు, సూర్య సెన్సర్లు, నక్షత్ర సెన్సర్లు అక్కడివే. ప్రయోగాల రోజున మన టీవీలన్నీ మంటలు కక్కే రాకెట్‌నే చూపిస్తాయి. పైకి వెళ్లాక ఉపగ్రహం మొదట తల తిప్పి భూమిని వెతుక్కునే ఘట్టం ఎవరి కంటా పడదు.

ఎర్త్ సెన్సర్‌కు పుట్టుకతోనే ఒక లోటుంది. బిళ్ల గుండ్రంగా ఉంది కాబట్టి, దానివైపే చూస్తూ ఉపగ్రహం బొంగరంలా తిరిగినా సెన్సర్‌కు తేడా తెలియదు. యా అనే ఆ మూడో కోణానికి సూర్యుణ్నో నక్షత్రాలనో గైరోనో అడగాల్సిందే. ఇక నక్షత్ర సెన్సర్లు చౌకబడ్డాక, డిగ్రీలో వందో వంతులూ వెయ్యో వంతులూ కావలసిన చోట ఎర్త్ సెన్సర్ పక్కకు తప్పుకుంది. అయినా యూరప్ గెలీలియో నావిగేషన్ ఉపగ్రహాలు ఇప్పటికీ భూమిని దీంతోనే చూస్తాయి. 2014 ఆగస్టు 22న ఆ వరసలో ఐదో, ఆరో ఉపగ్రహాలు రాకెట్ పై అంచె లోపం వల్ల తప్పుడు కక్ష్యలో పడ్డాయి. ఒకసారి 25,900 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లేవి, మళ్లీ 13,713 కిలోమీటర్లకు దిగేవి. మామూలుగా 25 డిగ్రీల బిళ్లను చూడాల్సిన సెన్సర్‌కు కింది చివర భూమి 37 డిగ్రీలై ఎదురొచ్చింది. దాని చూపులో అంత పెద్ద భూమి పట్టదు. భూమిని చూడలేకపోతే యాంటెన్నాను అటే నిలబెట్టలేరు, నావిగేషన్ పరికరాలను నిత్యం నడపలేరు. ఐదో ఉపగ్రహాన్ని పదిహేడు రోజుల్లో పదకొండు విడతలుగా నెట్టి కింది చివరను 3,500 కిలోమీటర్లకు పైగా లేపాక, భూమి 31 డిగ్రీలకు తగ్గి సెన్సర్ కక్ష్య పొడుగునా పనిచేయసాగింది.

దీనికి రెండో చివర, అరచేతిలో పట్టే ఉపగ్రహాలు. మోటార్లకూ అద్దాలకూ వాటిలో చోటుండదు. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్లలో ఉన్న థర్మోపైల్ జాతి డిటెక్టర్లనే అంచువైపు తిప్పి పెడతారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ల మైక్రోమాస్‌లో ఇలాంటివే అమర్చారు. ఒకటి పూర్తిగా భూమిని చూస్తుంది, ఒకటి పూర్తిగా ఆకాశాన్ని, నడుమది అంచును. నడిమి దాని వేడి ఆ రెంటి మధ్య ఎన్నో వంతులో ఉందో చూస్తే, అంచు దాని చూపును ఎంతమేర నింపిందో తెలుస్తుంది. అక్కడి నుంచి కోణం. ఉన్న వెలుగులో ఇన్నో వంతు అన్న పాత ఉపాయమే ఇక్కడ కదలకుండా పనిచేస్తోంది. కాకపోతే ఈ చవక డిటెక్టర్ ముందు కిటికీ 15 మైక్రాన్లకు బిగించినది కాక విశాలమైనదైతే చల్లటి మేఘాలు తిరిగి లెక్కలోకి వస్తాయి. నుదుటి థర్మామీటర్లలో ఉండేది సాధారణంగా 8 నుంచి 14 మైక్రాన్ల కిటికీ. అందుకని కొనేటప్పుడు ఆ ఒక్క అంకెను సరిచూసుకోవాలి.